ఆసిమీనా ముట్టని పళ్ళెం

స్టెర్గియోస్ హోటల్లో బిల్లు చిన్న పళ్ళెంలో వస్తుంది. తిన్నవాళ్ళు డబ్బు అందులో పెట్టి, లేచేటప్పుడు కాస్త చిల్లర అందులోనే వదిలేస్తారు. అది వడ్డించిన మనిషికి. వడ్డించింది యజమానే అయితే మాత్రం ఏమీ వదలరు. పిలిచి అన్నం పెట్టిన ఇంట్లో ఇల్లాలి చేతిలో డబ్బు పెడితే ఎలా ఉంటుంది? యజమానికి టిప్పు పెట్టడం కూడా అలాగే ఉంటుంది. మా రేవులో పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. బయటి దేశాలవాళ్ళే తికమకపడతారు, పాపం.

ఆసిమీనా ఆ హోటల్లో ఇరవై ఏళ్ళ పైచిలుకు వడ్డించింది. ఆ చివరి ఆగస్టు దాకా ఏనాడూ పళ్ళెంలో చిల్లర తనకని తీసుకోలేదు. ఎవరైనా వదిలి వెళితే తీసుకెళ్ళి గిన్నెలు తోమే వాయాకో, వేసవిలో పనికొచ్చే ఆడపిల్లలకో ఇచ్చేసేది. ఆమె వేలికి ఉంగరం లేదు. చర్చిలో ఆమె పేరు స్టెర్గియోస్ పేరు పక్కన ఎవరూ చదవలేదు. ఆ ఇంట్లో తను ఎవరో చెప్పుకోడానికి ఆమెకున్న రుజువల్లా ముట్టని ఆ పళ్ళెం.

నా రొట్టెల కొట్టు ఆ హోటలు పక్కనే. పొద్దునా సాయంత్రమూ రొట్టెలు నేనే మోసుకెళ్ళి ఇస్తాను కాబట్టి అక్కడ జరిగిందాంట్లో సగం నా కళ్ళతో చూశాను, మిగతా సగం ఆసిమీనా మా పిండి బస్తాల మీద కూర్చుని చెబితే విన్నాను.

ఆమెది కార్దిత్సా పట్నం పైనున్న కొండ ఊరు. స్టెర్గియోస్ పెళ్ళాం ఎవ్దోకియా పోయిన మరుసటి వేసవిలో గిన్నెలు తోమడానికని ఇక్కడ బస్సు దిగింది. అప్పటికి ఆ హోటల్లో ఉన్నది పెళ్ళాం పోయిన దుఃఖానికి వేసిన నల్లచొక్కా విప్పని మనిషి ఒకడు, తల దువ్వే దిక్కులేని ఎనిమిదేళ్ళ పిల్ల ఎవాంథియా, పొయ్యి పక్క కుర్చీలోంచి కదలకుండా అందరి మీదా కేకలేసే ముసలి తల్లి. ఆసిమీనా మొదట గిన్నెలు తోమింది. తర్వాత పిల్లకి జడేసింది. తర్వాత ముసలావిడ కాళ్ళకి నూనె రాసింది. చలికాలం వచ్చి రేవులో హోటళ్ళన్నీ మూతపడి, వేసవి పనివాళ్ళంతా మూటలు సర్దుకుని బస్సెక్కితే ఈవిడ ఎక్కలేదు. ఎందుకెక్కలేదని ఎవరూ అడగలేదు. మేడ మీద కిటికీలో రెండు దిళ్ళు పక్కపక్కన ఎండబెట్టి ఉండటం ఊరంతా చూసింది.

పళ్ళెం సంగతి మొదలైంది ముసలావిడ దగ్గర. ఆ మరుసటి వసంతంలో ఎవరో నాణెం వదిలితే ఆసిమీనా తీసి జేబులో వేసుకోబోయింది. ముసలావిడ కుర్చీలోంచే అరిచింది, ఈ ఇంటి ఆడవాళ్ళు పళ్ళెంలో చెయ్యి పెట్టరని. ఆమె మనసులో ఏముందో నాకు తెలీదు. మహా పిసినారి మనిషి, ఆ నాణెం మీదే కన్నేమో. కానీ ఆసిమీనా దాన్ని అక్కడే వదిలేసి నా కొట్లోకి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఈ ఇంటి ఆడవాళ్ళంది. విన్నావా? ఈ ఇంటి అంది" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నా చేతులకున్న పిండి ఆమె మోచేతుల దాకా అంటింది. దులుపుకోకుండానే వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఇల్లాలి పనులన్నీ ఆమెవే. మా దగ్గర భోజనం అయ్యాక ఇంటి తరఫున ఏదో ఒక తీపి పెడతారు, దానికి బిల్లుండదు. అది పెట్టే హక్కు యజమానిది, పనివాళ్ళది కాదు. స్టెర్గియోస్ హోటల్లో అది ఆసిమీనా పెట్టేది. చేదు నారింజ తొక్కల్ని చుట్టలు చుట్టి, దారానికి గుచ్చి, చేదంతా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి, అప్పుడు పాకంలో వేసేది. బుల్లి గాజు పళ్ళేల్లో తెచ్చి, "ఇది మా ఇంటి నుంచి" అని పెట్టేది. ఆ 'మా' అనేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా లేచేది. నేను గమనించేదాన్ని.

పొద్దుటి నుంచి ఒకే గ్లాసు సారా ముందు పెట్టుకుని కూర్చునే క్లియాంథిస్ బాబాయ్ స్టెర్గియోస్‌ని ఏడిపించేవాడు. "ఒరే, నువ్వు సముద్రపు నీళ్ళు కూడా కొలిచి పోసే రకానివి. ఈ పిల్ల లేకపోతే నీ హోటల్లో ఈగ కూడా వాలదు" అనేవాడు. స్టెర్గియోస్ నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. తాగి కొట్టే రకం కాదు, ఇంకో ఆడదాని వెంట తిరిగే రకమూ కాదు. పని వాయిదా వేసే రకం, అంతే. కారుతున్న కొళాయిని ఏడాదిపాటు గుడ్డ చుట్టి నెట్టుకొచ్చే మనిషి.

పెళ్ళి కూడా అలాగే నెట్టుకొచ్చాడు. పిల్లకి తల్లి పోయిన బాధ తగ్గనీ అన్నాడు. తర్వాత పిల్ల చదువు అవనీ అన్నాడు. తర్వాత అమ్మకి ఇష్టం లేదు, ఈ వయసులో ఆవిణ్ణి కష్టపెట్టడం దేనికన్నాడు. ముసలావిడ పోయింది, సంవత్సరీకం కూడా అయింది. ఎవాంథియా వోలోస్ పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగంలో చేరింది. ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదేమో, ఆ ఏడు ఈస్టరు నాడు గొర్రెపిల్లని నిప్పుల మీద తిప్పుతూ, మేమందరం ఉండగా తనంతట తానే అన్నాడు. మేరీమాత పండగ అయిపోనీ, ఆగస్టు రద్దీ తగ్గనీ, చర్చికెళ్ళి పెళ్ళి కిరీటాలు పెట్టించుకుందాం అన్నాడు. ఆసిమీనా ఉప్పు తేవడానికి లోపలికి వెళ్ళి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చేటప్పుడు ఉప్పు తేలేదు.

మర్నాటి నుంచి నా దగ్గర రొట్టె తినడం మానేసింది. నడుం తగ్గాలట. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇప్పుడెవరు చూస్తారే నడుము అని నేనంటే, "ఫాదరు చూస్తాడు" అని పడీపడీ నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూసింది ఆ వేసవిలోనే.

ఆగస్టు మొదట్లో బెల్జియం నుంచి ముసలి దంపతులు వచ్చి పైవీధిలో గది తీసుకున్నారు. రోజూ మధ్యాహ్నం స్టెర్గియోస్ దగ్గరే తినేవాళ్ళు. ఆయన తాటిచెట్టంత పొడుగు, మర్యాద మరీ ఎక్కువ. కుర్చీ లాగడానికి కూడా కుర్చీని క్షమాపణ అడిగేట్టుండేవాడు. ఆయన చొక్కా జేబులో ప్రయాణికుల కోసం వేసిన చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండేది. ఏ దేశంలో చెప్పులు ఎక్కడ విప్పాలి, ఎవరికి ఎంత టిప్పు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, అన్నీ అందులో ఉండేవట. ఆయనకి ఒకటే భయం, పరాయి ఊళ్ళో ఎవరి మనసైనా నొప్పిస్తానేమోనని.

ఉన్నట్టుండి ఆయన భార్యకి కడుపు పాడైంది. ఆసిమీనా మెత్తగా అన్నం వండి, నిమ్మకాయ పిండి, తనే పైవీధికి మోసుకెళ్ళింది. రెండు పూటలా వెళ్ళింది. ఆ ముసలావిడ తల కూడా తుడిచిందట. ఒకరి భాష ఒకరికి సగం సగమే వచ్చు. అయినా ఆవిడ కోలుకుని మళ్ళీ హోటలుకి వచ్చిననాడు ఆసిమీనాని చూసి లేచి నిలబడింది.

వాళ్ళు వెళ్ళిపోయే రోజున జరిగింది ఇది. నేను రొట్టెల బుట్ట దించుతున్నాను. పండగకని ఎవాంథియా కూడా వచ్చి ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఆసిమీనా ఆ దంపతుల కోసమే రెండు గాజు పళ్ళేల్లో నారింజ తీపి పెట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. ఆ పెద్దాయన ఒక చేత్తో చాక్లెట్ల పెట్టె, ఇంకో చేత్తో మడతపెట్టిన నోటు పట్టుకుని గల్లా దగ్గరికి వచ్చాడు. స్టెర్గియోస్‌కి ఇంగ్లీషు వచ్చు, కుర్రతనంలో ఓడల్లో వంట చేశాడు. ఆసిమీనాకి అన్ని వేసవులు వడ్డించగా వడ్డించగా వచ్చింది. నాది బడిలో నేర్చిన ఇంగ్లీషు. ఆ రోజు ఆ మాటలు అర్థం కాకుండా ఉంటే ఎంత బాగుండేదో.

పెద్దాయన ముందు క్షమించమన్నాడు. ఆ తర్వాత ఇలా అన్నాడు. "మీ దేశంలో యజమానులకి టిప్పు ఇస్తే చిన్నబుచ్చుకుంటారని మా పుస్తకంలో ఉంది. ఈ అమ్మ మాకు చాలా చేసింది. ఈమె ఈ ఇంటావిడ అయితే ఈ చాక్లెట్లు ఇస్తాం. ఇక్కడ పనిచేసే ఆవిడైతే ఈ డబ్బు ఇస్తాం. ఏది ఇవ్వాలో మీరే చెప్పండి. మాకు తప్పు చేయాలని లేదు."

స్టెర్గియోస్ చేతిలో వేయించిన నెత్తళ్ళ చేపల పళ్ళెం ఉంది. కూతురి వైపు చూశాడు. ఎవాంథియా కూడా ఫోన్లోంచి తలెత్తింది. ఒక్క క్షణం, అంతే. తర్వాత ఎంతో మంచి చేస్తున్నవాడిలా నవ్వాడు.

"అయ్యో, లేదు లేదు. ఆమె ఇక్కడ పనిచేస్తుంది. డబ్బే ఇవ్వండి, ఆమెకి పనికొస్తుంది. ఇంటి యజమానురాలంటే ఇదిగో, మా అమ్మాయి."

పెద్దాయన ముఖం తేటపడింది. తప్పు చేయకుండా బయటపడ్డాడు కదా. చాక్లెట్ల పెట్టె ఎవాంథియాకి ఇచ్చాడు. ఆ పిల్ల ఏం చేయాలో తోచక తీసుకుంది. తర్వాత ఆయన ఆసిమీనా వైపు తిరిగి తల వంచి నోటు అందించాడు.

ఆసిమీనా పళ్ళేలు గల్లా మీద పెట్టింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. రెండు చేతులూ చాపి ఆ నోటు తీసుకుంది. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అంది, మళ్ళీ రండి అంది. ముసలావిడ ఆమె బుగ్గలు రెండూ ముద్దు పెట్టుకుంది. బస్సుకి టైమైందని వాళ్ళు వెళ్ళిపోయారు. నారింజ తీపి గల్లా మీదే ఉండిపోయింది. వాళ్ళు మర్చిపోయారు, ఆమె గుర్తు చేయలేదు. కాసేపటికి దాని మీద కందిరీగ వాలింది.

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా బుట్టలోకి చూసి, రేపు శనివారం, రొట్టెలు కాస్త ఎక్కువ పంపమంది.

భోజనాల వేళ అయిపోయి, టేబుళ్ళు తుడిచాక, ఆసిమీనా స్టెర్గియోస్ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

"యజమానిగారూ, వారంలో నాకు సెలవు ఏ రోజండీ?"

స్టెర్గియోస్ పగలబడి నవ్వాడు. ఇదేం ఆటే కొత్తగా అన్నాడు. ఆటేం కాదండీ అందామె. వాయాకి సోమవారం సెలవుంది, వేసవి పిల్లలకి మంగళవారం, నాకే ఏ రోజో ఇన్నాళ్ళూ మీరు చెప్పలేదు అంది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగా సెలవు అడుగుతున్న మనిషి గొంతు.

క్లియాంథిస్ బాబాయ్ తన కుర్చీలోంచి కన్నుగీటాడు. "మొగుడూ పెళ్ళాల సరసాలు. మనం సముద్రం వైపు చూద్దాం" అన్నాడు.

"మొగుడూ పెళ్ళాలు ఎవరు బాబాయ్?" అంది ఆసిమీనా.

ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రానికి ఆమె మేడ మీద నుంచి తన బట్టలు తెచ్చుకుని, సామాన్ల గది వెనక వేసవి ఆడపిల్లలు పడుకునే చోట ఒక మంచం ఖాళీ చేయించుకుంది. మర్నాటి నుంచి పళ్ళెంలో చిల్లర తీసుకోవడం మొదలుపెట్టింది. దాచుకోలేదు, అందరూ చూస్తుండగానే తీసి జేబులో వేసుకునేది, థాంక్సండీ అనేది. స్టెర్గియోస్ కళ్ళు పక్కకి తిప్పుకునేవాడు. భోజనం అయి తీపి కోసం చూసేవాళ్ళతో, అది యజమాని పెట్టాలండీ, నేను అడిగి చెబుతాను అనేది. అప్పుడు స్టెర్గియోస్ చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి జాడీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. పాకం ధారగా నేల మీద కారుస్తూ తెచ్చేవాడు. ఏమైనా కొనాలంటే గల్లాపెట్టెలోంచి తీసుకోవే ఎప్పట్లాగే అంటే, పనివాళ్ళు గల్లా తెరవకూడదు కదండీ అనేది. పనిలో మాత్రం ఇంత లోటు చేయలేదు. టేబుళ్ళు మెరిసేవి, చేపలు మాడేవి కావు. అదే అతనికి మరీ కష్టంగా ఉండేది. అరిస్తే తిరిగి అరవచ్చు. అండీ అనే మనిషిని ఏమంటాడు?

ఎవాంథియా ఆ చాక్లెట్ల పెట్టె విప్పకుండానే సామాన్ల గదికి తీసుకెళ్ళింది. నేను అక్కడే ఆసిమీనాకి సాయంగా ఉల్లిపాయలు ఏరుతున్నాను. "ఇది నీదే, తీసుకో. నేనేం అనలేదు కదా, నాన్నే అన్నాడు" అంది. ఆసిమీనా ఆ పిల్ల కాలరు సరిచేసింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టే. "నీకిచ్చిందమ్మా. నువ్వు ఇంటి యజమానురాలివి" అంది. ఆ మాటలో విషం ఉండుంటే ఎవాంథియా తట్టుకునేది. లేదు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి తన తల దువ్విన చెయ్యి అది. ఆ పిల్ల పండగదాకా ఉండకుండా మర్నాడే వోలోస్ బస్సెక్కింది. బస్సు కిటికీలో ఆ పిల్ల ముఖం చూశాను, రుమాలు నోట్లో కుక్కుకుంది.

స్టెర్గియోస్ నా కొట్టుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏం చేయమంటావు రోదాంథీ, ఇంత చిన్నదానికి ఇంత చేస్తోంది అన్నాడు. ఆ పెద్దాయనకి చెప్పడానికి ఇంగ్లీషులో నాకు రెండు మాటలే వచ్చు, పెళ్ళాం, పనిమనిషి అన్నాడు. పెళ్ళాం అంటే అబద్ధం అవుతుంది కదా, ఇంకా చర్చికి వెళ్ళలేదు. ఆ రెండింటి మధ్య ఉండే మాట నాకు రాదు అన్నాడు.

"మన భాషలో వచ్చా?" అన్నాను.

అతను తలుపు చెక్కని గోరుతో గీకి వెళ్ళిపోయాడు.

మేరీమాత పండగ నాడు చర్చిలో పూజ అయ్యాక ఊరంతా హోటలు ముందు టేబుళ్ళ దగ్గర చేరింది. ఫాదరు కూడా వచ్చి చేప తింటున్నాడు. స్టెర్గియోస్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఉన్నట్టుండి లేచి, ఫాదరు గారూ, వచ్చే ఆదివారం కాదు ఆ పై ఆదివారం మీకు వీలవుతుందా, నాకూ ఆసిమీనాకీ కిరీటాలు పెట్టాలి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. క్లియాంథిస్ బాబాయ్ కుర్చీ మీద కొట్టి, ఇరవై ఏళ్ళు వండినా ఉడకని కూర ఇవాళ ఉడికిందిరా అని అరిచాడు. అందరూ గుమ్మం వైపు తిరిగారు.

ఆసిమీనా చేతి మీద నాలుగు పళ్ళేలతో అక్కడే నిలబడి ఉంది. అన్నీ విన్నది. తిన్నగా నడిచి వచ్చి ఆ పళ్ళేలు ఎవరివి వాళ్ళ ముందు పెట్టింది. తర్వాత స్టెర్గియోస్‌తో, గోడవారన కూర్చున్నవాళ్ళు ఆక్టోపస్ కోసం చాలాసేపటి నుంచి చూస్తున్నారండీ అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక రొట్టె తుంచుకున్నారు.

అతను వెనకే వంటింట్లోకి వెళ్ళాడు. నేను అక్కడ రొట్టె కోస్తున్నాను. పోదామనుకున్నాను గానీ దారికి అడ్డంగా వాళ్ళిద్దరూ ఉన్నారు.

"అందరి ముందూ చెప్పాను కదే. ఫాదరు ముందు చెప్పాను. ఇంకేం కావాలి నీకు?"

ఆసిమీనా పొయ్యి మంట తగ్గించింది. "ఆ పెద్దాయన అడిగిన రోజు మీకు ఎవరి భయమూ లేదండీ. మీ అమ్మగారు లేరు. పిల్ల చిన్నది కాదు. ఊరు వినట్లేదు. ఆయన మళ్ళీ ఈ రేవుకి వస్తాడో రాడో కూడా తెలీదు. అలాంటి మనిషితో ఒక్క మాట ఊరికే అనుంటే సరిపోయేది. అబద్ధమే అనుకోండి. అబద్ధం ఆడటానికి కూడా మీకు నేను గుర్తు రాలేదు."

"నోరు జారింది, ఆసిమీనా."

"జారలేదండీ. ఉన్నదే వచ్చింది. నేనే ఇన్నాళ్ళూ ఇంకోటేదో ఉందనుకున్నాను."

ఆ అండీ మానెయ్యి, నీకు దండం పెడతాను అన్నాడతను. ఆమె ఆక్టోపస్ పళ్ళెం మీద నిమ్మకాయ ముక్క పెట్టి, అంచు తుడిచి, అతని చేతికి ఇచ్చింది. అతను దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి, గడ్డం కింద చర్మం వణకడం చూశాను. ఆమె కూడా చూసింది. చూసి గిన్నెలు తోమే చోటికి వెళ్ళి వాయాకి సాయం చేయసాగింది.

ఆ పై ఆదివారం వచ్చింది, పోయింది. స్టెర్గియోస్ ఆ రోజు గడ్డం గీసుకుని చర్చి వైపు ఒకసారి వెళ్ళి వచ్చాడని విన్నాను. ఎందుకెళ్ళాడో అతనికే తెలియాలి.

మొదటి వానలు పడ్డాక, వేసవి పనివాళ్ళు వెళ్ళిపోయే రోజునే ఆమె కూడా వెళ్ళింది. వాళ్ళ వరసలోనే నిలబడింది, వాళ్ళలాగే సామాన్ల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుంది. నేను వేడి రొట్టె గుడ్డలో చుట్టి ఇచ్చాను. నా దగ్గర ఉండిపో, కొట్లో పని చాలా ఉంది అన్నాను. "ఇక్కడుంటే రోజూ ఆ తలుపు కనపడుతుంది అక్కా" అంది. స్టెర్గియోస్ హోటలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బస్సు వంపు తిరిగేదాకా లేవలేదు, చెయ్యీ ఊపలేదు. ఆమె హోటలు వైపు సీట్లో కూర్చోలేదు.

మరుసటి వేసవిలో అతను హోటలు తెరిచాడు. ఊరి పిల్ల ఒకతిని వడ్డనకి పెట్టుకున్నాడు. మా రేవుకి ఏటేటా వచ్చే బయటి దేశాలవాళ్ళు కొందరున్నారు. ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు, అదే టేబులు, అవే నెత్తళ్ళు. వాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలైంది. కూర్చుని, చుట్టూ చూసి, స్టెర్గియోస్‌ని అడిగేవాళ్ళు, మీ భార్య ఎక్కడా అని.

ఆమె పనిమనిషి అని వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆమెకి టిప్పు కూడా పెట్టేవాళ్ళు కాదు, యజమానురాలు కదా అని. పుస్తకం చూసి అడిగింది ఆ బెల్జియం పెద్దాయన ఒక్కడే. మిగతావాళ్ళకి అడగాలని కూడా తోచలేదు.

మొదట్లో స్టెర్గియోస్ ఏదో గొణిగేవాడు. లేదు, వెళ్ళింది అనేవాడు. ఒకనాడు జర్మనీ ఆవిడ ఒకతి, వరసగా పదేళ్ళు వచ్చినామె, ఆ మాట విని నోటి మీద చెయ్యి వేసుకుంది. చనిపోయిందా అని అడిగింది. అతను చేతిలో గుడ్డని మడతపెట్టాడు. తర్వాత తలూపాడు. ఆవిడ లేచి అతని చేయి రెండు చేతుల్లోకి తీసుకుంది. సాయంత్రం ఎక్కణ్ణించో తెల్లపూలు తెచ్చి ఇచ్చింది. అతను వాటిని నీళ్ళ గ్లాసులో వేసి గల్లా పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఎవరడిగినా తలూపుతూనే వచ్చాడు. వేసవి అయ్యేసరికి ప్రయాణికులందరి లెక్కలో అతను పెళ్ళాం పోయినవాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బతికున్న మనిషిని చంపేశావు కదరా, నీకు నోరెలా వచ్చింది అని అడిగాను.

"ఏం చెప్పమంటావు?" అన్నాడు. "ఆమె పనిమనిషి, మానేసింది అని చెప్పాలా? చెబుదామనే చూశాను. ఈసారి ఆ మాట నోటికి రాలేదు రోదాంథీ."

శరదృతువులో గోధుమపిండి కోసం వోలోస్ వెళ్ళినప్పుడు ఆసిమీనాని చూడటానికి వెళ్ళాను. ముసలివాళ్ళ ఆశ్రమంలో వంట చేస్తోంది. వారానికి ఒక రోజు సెలవు, నెల తిరిగేసరికి జీతం, పడుకోడానికి గది. వంటింటి వెనక బెంచీ మీద కూర్చుని చిక్కుడు గింజలు వొలుస్తోంది. చిక్కిపోయింది. నేనూ పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు తీసుకున్నాను. ఎవాంథియా నెలకోసారి వచ్చి చూసి వెళుతుందని చెప్పింది. వచ్చినప్పుడల్లా జుట్టు విప్పుకుని ముందు కూర్చుంటుందట, మాట్లాడదట.

చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి చెప్పాను. వేసవిలో వచ్చినవాళ్ళందరూ ఆమెని అడిగారని, స్టెర్గియోస్ ఏం చెప్పాడో, పూలు ఎలా వచ్చాయో, అన్నీ చెప్పాను. చచ్చిపోయావని చెప్పాడంటే కోపమొస్తుంది అనుకున్నాను. తిడుతుంది అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏమని అడిగారు అక్కా? ఆసిమీనా ఎక్కడ అని అడిగారా?"

"లేదు. మీ భార్య ఎక్కడ అని."

"భార్య అనే అన్నారా?"

"అందరూ అదే అన్నారు."

"ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నారా వాళ్ళు?"

"అలాగే అనుకున్నారు."

బస్సెక్కేటప్పుడు ఏడవలేదు, పండగ నాడు వంటింట్లో ఏడవలేదు, నోటు తీసుకున్న రోజు అసలే ఏడవలేదు. ఇప్పుడు ఏప్రన్ ముఖానికి అదుముకుని, వీపంతా కదిలిపోయేట్టు ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. అంతకన్నా నాకేం చేతనవుతుంది? లోపల్నించి ఎవరో ముసలాయన, వంటమ్మా, టీ ఏదీ అని పిలిచాడు. వస్తున్నానండీ అంది ఏప్రన్ లోంచే. లేవలేదు.